ఒకే బండి, ఒకే రూటు.. రెండు ట్రిప్పుల పీఎన్‌లో (పొగలోని కణాల లెక్క) పది రెట్లు తేడా. ఎక్కడ వెతకాలి?

లాగర్_హైద్: బీఎస్6 రెండో దశ డీజిల్ ఎస్‌యూవీ. పెమ్స్‌లో (బండిలోనే పెట్టుకుని రోడ్డు మీద పొగ కొలిచే యంత్రం) డిఫ్యూజన్ చార్జర్ రకం కౌంటర్, 23 నానోమీటర్ల కటాఫ్ (అంతకన్నా చిన్న కణాలను లెక్కలోకి తీసుకోదు). ట్రాఫిక్, ఏసీ, బరువు అన్నీ దాదాపు ఒకటే. సీఓటూ రెండు ట్రిప్పుల్లోనూ 3 శాతం లోపే కలుస్తోంది. కణాల లెక్క మాత్రం ఒకదానికి ఇంకోటి పది రెట్లు. యంత్రాన్ని అనుమానించాలా, బండినా?

మసిలెక్క: సీఓటూ కలిసిందంటే ఫ్లో మీటర్, దూరం రెండూ బాగున్నట్టే. ముందు డీపీఎఫ్‌ను (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) చూడండి. కణాలను ఆపే పని ఎక్కువగా చేసేది ఫిల్టర్ గోడ కాదు, గోడమీద పేరుకున్న మసి పొర. యాక్టివ్ రీజెన్‌లో, అంటే ఇంజిన్ కావాలని వేడి పెంచి ఫిల్టర్‌ను శుభ్రం చేసుకునేటప్పుడు, ఆ పొర కాలిపోతుంది. ఆ తర్వాత పొర మళ్ళీ పట్టేదాకా సన్న కణాలు గోడ రంధ్రాల్లోంచి జారిపోతూనే ఉంటాయి. కొత్త డీపీఎఫ్ బిగించిన బండికీ ఇదే బాధ.

ఓబీడీ (బండి కంప్యూటర్ సమాచారం ఇచ్చే పోర్ట్) నుంచి రెండు సిగ్నళ్ళు తప్పకుండా లాగ్ చేయండి: డీపీఎఫ్ ముందు ఉష్ణోగ్రత, ఫిల్టర్ రెండు వైపుల ఒత్తిడి తేడా. సిటీలో 200-300 డిగ్రీల్లో ఉండాల్సింది ఉన్నట్టుండి 600 దగ్గరకు ఎక్కి అక్కడే నిలబడితే అది రీజెనే. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: ట్రిప్పులో రీజెన్ పడకపోయినా, ముందురోజు పడి ఉంటే లెక్క పెరుగుతుంది. కాబట్టి చివరి రీజెన్ తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ప్రతి ట్రిప్పు షీట్‌లో రాయాలి. అది లేకుండా రెండు ట్రిప్పులను పోల్చడం దండగ.

సున్నా_ముందు: మసిలెక్క గారి మాట నిజమే, అయినా జీరో (కణాల్లేని గాలి ఇచ్చినప్పుడు కౌంటర్ చూపే అంకె) చూడకుండా బండిని అనకండి. గాలిలోని కణాలను ఆపే హెపా ఫిల్టర్‌ను యంత్రం మూతి దగ్గర కాదు, శాంపిల్ తీసే చోటే పెట్టాలి. అప్పుడే లైనంతా పరీక్షకు వస్తుంది. సెకనుకు ఒక రీడింగ్ చొప్పున 2 నిమిషాల సగటు తీస్తే ఘన సెంటీమీటరుకు 5,000 దాటకూడదు. ట్రిప్పు అయ్యాక మళ్ళీ చూడాలి.

హెపా పెట్టినా 10 వేల దగ్గర ఆడుతోందంటే బయటి గాలిని ఎక్కడో పీలుస్తోందన్నమాట. ఊళ్ళో మామూలు గాలిలోనే ఆపాటి కణాలు ఉంటాయి. లైన్‌ను ఒక్కో జాయింట్ దగ్గర మెల్లగా కదిలిస్తూ స్క్రీన్ చూడండి. అంకె ఎగిరిన చోట ఓ-రింగ్ నలిగి ఉంటుంది, లేదా నట్ అర చుట్టు వదులై ఉంటుంది.

పుణె_బెంచ్: ఆ 5,000 ఎంత చిన్నదో లెక్క కట్టి చూద్దాం. బీఎస్6 పరిమితి కిలోమీటరుకు 6×10¹¹, అంటే 60 వేల కోట్ల కణాలు. గంటకు 60 కి.మీ. వేగంలో ఎగ్జాస్ట్ సెకనుకు 0.03 కిలోలు అనుకోండి. కిలోమీటరుకు ఒక నిమిషం, 1.8 కిలోల వాయువు. డీజిల్ ఎగ్జాస్ట్ సాంద్రత 1.2943తో భాగిస్తే 1.39 ఘనమీటర్లు. పరిమితిని దాంతో భాగిస్తే ఘన సెం.మీ.కు సుమారు 4.3 లక్షల కణాలు. 5,000 అంటే అందులో 1.2 శాతమే. జీరో కొంచెం జరిగినంత మాత్రాన పది రెట్ల తేడా రాదు.

ఇంకో మాట. ఆ 1.2943 అనేది 0 డిగ్రీలు, 101.325 కిలోపాస్కల్స్ దగ్గరి విలువ. కౌంటర్ 20 డిగ్రీలకు సరిచేసిన అంకె ఇస్తుంటే, మార్చకుండా గుణిస్తే 7 శాతం తక్కువ వస్తుంది.

లాగర్_హైద్: జీరో రెండుసార్లూ 1,500 లోపే. ఫ్లో మీటర్ పైపుకు కొత్త సిలికాన్ కప్లర్లు వేశాం. వాటివల్ల ఏమైనా?

గొట్టం_బిగింపు: అవుతుంది సార్. కొత్త సిలికాన్ వేడెక్కితే అదే కణాలు వదులుతుంది. హైవే లోడ్‌లో మరీ ఎక్కువ. స్టీలు పైపు చివరలను దాదాపు ఆనించి, పైన కప్లర్ వేసి క్లాంప్ బిగించండి, ఎగ్జాస్ట్ తగిలే సిలికాన్ సన్నటి గీతంతే ఉండాలి. లెక్కలోకి రాని ఒక వేడి పరుగు ముందే చేయండి. పైపు లోపల పాత మసి ఉన్నా తుడవాలి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అది రేగి కౌంటర్‌లోకి వస్తుంది. ప్రోబ్ (శాంపిల్ తీసే గొట్టం) పైపు చివరి నుంచి కనీసం 200 మిల్లీమీటర్లు లేదా పైపు లోపలి వ్యాసానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంత లోపలికి. డైల్యూషన్ (శాంపిల్‌ను శుభ్రమైన గాలితో పలచన చేసే చోటు) దాకా లైన్ 100 డిగ్రీలకు తగ్గకూడదు.

కౌంటర్_చెన్నై: డిఫ్యూజన్ చార్జర్ కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టదు. చార్జ్ ఎక్కించి కరెంట్ కొలుస్తుంది. కణం పెద్దదైతే ఎక్కువ చార్జ్ పట్టుకుంటుంది, కాబట్టి ఎక్కువ చూపిస్తుంది. ఆల్కహాల్ ఆవిరితో కణాన్ని పెంచి లెక్కపెట్టే సీపీసీకి ఆ ఇబ్బంది లేదు. కానీ మన తీరం ఉక్కలో ఐసోప్రొపనాల్ నీరు పీల్చుకుంటుంది, లెక్క చడీచప్పుడు లేకుండా పడిపోతుంది. విక్‌ను (ఆల్కహాల్ పీల్చే వత్తి) మార్చి ఆరబెట్టుకోవాలి. బండిలో వంచి పెడితే ఆల్కహాల్ ఆప్టిక్స్‌లోకి పారుతుంది. ఏ రకమైనా ట్రిప్పుకు ముందు చాసిస్ డైనమోమీటర్ (బండిని రోలర్ల మీద నడిపే ల్యాబ్ యంత్రం) మీద ల్యాబ్ కౌంటర్‌తో పోల్చండి. యూరప్ ఆర్‌డీఈ (రోడ్డు మీద ఉద్గారాల పరీక్ష) నిబంధనల్లో ఈ పోలికకు మొదట ఇచ్చిన సడలింపు కిలోమీటరుకు 1×10¹¹ లేదా 50 శాతం, ఏది పెద్దదైతే అది. పది రెట్ల తేడాను చార్జర్ రకం మీదకు నెట్టలేం. నా ఓటు కూడా డీపీఎఫ్‌కే.

గ్యారేజ్_బెజవాడ: పెమ్స్ లేనివాళ్ళం ఏం చూడాలండీ? పొల్యూషన్ సర్టిఫికెట్ స్మోక్ మీటర్‌లో పగిలిన డీపీఎఫ్ కూడా పాసైపోతోంది.

స్టుట్‌గార్ట్_తెలుగు: అవుతుంది, ఎందుకంటే ఆ మీటర్ చూసేది వెలుతురు ఎంత ఆగిందనే. ఇంత సన్న కణాలు వెలుతురును పెద్దగా ఆపవు. అందుకే జర్మనీలో 2023 జూలై 1 నుంచి యూరో 6 డీజిళ్ళకు ఐడ్లింగ్‌లో కణాలు లెక్కపెడుతున్నారు, ఘన సెం.మీ.కు 2.5 లక్షలు దాటితే ఫెయిల్. నెదర్లాండ్స్‌లో అదే ఏడాది జనవరి నుంచి 10 లక్షలు. మీ దగ్గర కౌంటర్ లేకపోతే చల్లారిన బండి టెయిల్‌పైపు లోపల వేలితో రాయండి. మంచి డీపీఎఫ్ ఉన్న బండికి వేలు దాదాపు శుభ్రంగానే వస్తుంది. నల్లగా అంటితే ఫిల్టర్ పగిలిందో, ఎవరో లోపలి ఇటుకను (ఫిల్టర్ దిమ్మను) తీసేశారో అని అనుమానించాల్సిందే.

మసిలెక్క: లాగర్ గారూ, తర్వాతి ట్రిప్పులు ఇలా చేయండి: రీజెన్ పూర్తి చేయించి వెంటనే ఒకటి, ఏ రీజెన్ పడకుండా ఇంకో రెండు వరుసగా, అదే రూటులో. మసి పొరే కారణమైతే మూడు అంకెలూ మెట్లు దిగినట్టు దిగుతాయి. దిగకుండా ఎగుడుదిగుడుగా వస్తే అప్పుడు కప్లర్లు విప్పండి.