ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ డిజైన్ల వెనక లాజిక్ ఏంటి?

ప్రశ్న: ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనే మాంగా (జపనీస్ కామిక్) మళ్లీ చదువుతున్నా. అన్న ఎడ్వర్డ్‌ని అంత పొట్టిగా, తమ్ముణ్ణి అంత భారీ కవచంలా ఎందుకు గీశారు? కామెడీ కోసమేనా?

జవాబు: కామెడీ ఒక్కటే కాదండీ. కథలో ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అన్నది ఎడ్వర్డ్ బిరుదు. అది వినగానే అందరూ కవచంలా ఉన్న తమ్ముడు ఆల్ఫోన్స్‌ని చూసి, ఆ బిరుదు అతనిదే అనుకుంటారు, అసలు ఉక్కు చెయ్యేమో ఎడ్వర్డ్ కోటు, తెల్ల గ్లవ్స్ కింద ఉంటుంది. పైగా మాంగా ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే అచ్చవుతుంది, కాబట్టి ఎంత చిన్న బొమ్మలోనైనా ఆకారం చూసి ఎవరో తెలిసిపోవాలి.

ఇంకో జవాబు: ఆల్ఫోన్స్ కవచం లోపల ఖాళీ. ముఖం కదలదు, అయినా తల వంచితే చాలు బాధ అర్థమైపోతుంది. ఈ మాంగా గీసిన హిరోము అరకవా గీత గొప్పతనం అదే!

ప్రశ్న అడిగినవారు: ఎడ్వర్డ్ చెయ్యి పోయింది కూడా తమ్ముడి ఆత్మను ఆ కవచానికి కట్టడానికే కదా?

జవాబు: అవును, కాలు మాత్రం అంతకుముందే, చనిపోయిన తల్లిని బతికించబోయినప్పుడు పోయింది.