సపోర్టు నుంచి డెవలప్‌మెంట్‌కి మారినవాళ్లు దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. పాలిసెట్ రాసి ఈసీఈ డిప్లొమా చేశాను. తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. మొదటి సంవత్సరంలో అందరికీ చెప్పే సీ ప్రోగ్రామింగ్ నాకు అలా తప్పిపోయింది. ఆ లోటు ఇప్పటికీ వెంటాడుతోంది.

2023లో క్యాంపస్ సెలక్షన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు జావా నేర్పి, ప్రొడక్షన్ సపోర్టులో, అంటే ఇప్పటికే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పనిలో వేశారు. రాత్రి షిఫ్టులో టికెట్లు (వచ్చిన ఫిర్యాదులు) చూడటం, లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే రికార్డులు) వెతకడం, డేటాబేస్‌లో ఎస్‌క్యూఎల్ క్వెరీలు నడపడం, ఇదే పని. ఒక్క ఫీచరూ రాయలేదు. ఇంటర్వ్యూకి వెళ్తే లింక్‌డ్ లిస్ట్‌ని (డేటాని గొలుసులా కలిపి పెట్టే డేటా స్ట్రక్చర్) తిప్పి రాయమంటే చేతులాడలేదు.

అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సు చేసి, రెజ్యూమెలో డెవలపర్ అని పెట్టేసుకోమని రూమ్మేట్ అంటున్నాడు. అబద్ధం పెట్టడం నాకు ఇష్టం లేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్నదీ పోతుంది. గేట్ రాసి ఎంటెక్ చేద్దామంటే నెలకు 12,400 స్టైపెండ్‌తో ఇంటికి డబ్బు పంపలేను. నాన్న మిర్చి అప్పు ఇంకా తీరలేదు.

సపోర్టులోనే ఉండి ఆటోమేషన్ స్క్రిప్టులు రాస్తూ, కంపెనీలోనే డెవలప్‌మెంట్ టీమ్‌కి మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మేనేజర్‌ని ఎలా అడిగారు? రాత్రి షిఫ్టు చేస్తూ డేటా స్ట్రక్చర్లకి రోజుకు ఎంతసేపు కేటాయించగలిగారు? మీ అనుభవం చెబితే చాలా మేలు చేసినవారవుతారు.