ప్లేనర్ చెక్క చివర్లు లోతుగా తినేస్తోంది, బ్లేడ్లు మార్చినా అంతే. ఏం చూడాలి?

పాలకొల్లు తలుపులు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర చిన్న షాపు, తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాం. ఆరు నెలల క్రితం 13 అంగుళాల థిక్‌నెస్ ప్లేనర్ (చెక్కని ఒకే మందానికి చిత్రిక పట్టే మెషిన్) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మొదట్లో చిన్న చిన్న మామిడి చెక్కలు తోలేవాడిని, ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఏడడుగుల చెక్క పెడితే మొదట రెండున్నర అంగుళాలు, చివర రెండున్నర అంగుళాలు లోతుగా తినేస్తోంది, వేలితో తడిమితే మెట్టు తెలుస్తోంది. బ్లేడ్లు రెండుసార్లు సాన పట్టించి, చివరికి కొత్తవే వేశాను. ఏమీ మారలేదు. పైగా సాయంత్రాలు చెక్క మధ్యలో ఆగిపోతోంది, వెనక నుంచి తోస్తేగానీ కదలడం లేదు. చెక్క పొడుగునా ఒక సన్నటి గీత కూడా పడుతోంది.

ఒకాయన తాతగారి మండువా ఇల్లు విప్పించి, ఆ దూలాలతోనే కొత్తింటికి తలుపులు చేయమని ఇచ్చారు. అలాంటి టేకు మళ్లీ ఏ అడితిలోనూ దొరకదు. ఒక్కో చెక్కకి అయిదంగుళాలు కోసి పారేయాలంటే ప్రాణం ఒప్పట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నరసాపురం మేస్త్రి:
తమ్ముడూ, తప్పు బ్లేడ్లది కాదు. బ్లేడు మొద్దుబారితే చెక్క అంతటా పీచు లేస్తుంది గానీ చివర్లలో మాత్రమే గొయ్యి పడదు. బ్లేడ్లు బిగించి తిరిగే కట్టర్ బ్లాక్ నుంచి, దానికి ముందూ వెనకా చెక్కని లాగే రోలర్‌కి ఎంత దూరం ఉందో ఒకసారి కొలిచి చూడు, అదీ రెండున్నర అంగుళాలకి దగ్గర్లోనే ఉంటుంది. చెక్క లోపలికి వెళ్లేటప్పుడు ముందు రోలర్ ఒక్కటే దాన్ని పట్టుకుంటుంది, అప్పుడు వెనకున్న ఆరడుగుల బరువు కిందికి వాలితే ముందు కొస పైకి లేచి బ్లేడ్లకి తగులుతుంది, రెండో రోలర్ అందుకునేదాకా అలా లోతుగా తింటూనే ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు ఇదే తిరగబడుతుంది. చిన్న చెక్కకి ఆ బరువు లేదు కాబట్టి నీకు మొదట్లో తెలియలేదు.

ముందు ప్లగ్ పీకెయ్. తర్వాత పొడుగాటి ఇనుప స్కేలు బెడ్ మీద, అంటే చెక్క జారే ఇనుప పలక మీద పెట్టి, రెండు వైపులా ఉన్న మడత బల్లలు వాలిపోయాయేమో చూడు. వాటి బయటి అంచులు బెడ్ కంటే ఒక రూపాయి బిళ్ల మందం పైకి ఉన్నా ఫర్వాలేదు, కిందికి మాత్రం ఉండకూడదు. బెడ్‌లో రోలర్లుండే మెషిన్ అయితే అవి మరీ పైకి ఉన్నాయేమో కూడా చూసుకో, నున్నగా రావాల్సిన పనికి అవి బెడ్ కంటే ఒక కాగితం మందం పైకి ఉంటే చాలు.

ఆ దూలాల చెక్కల సంగతి వేరే చెబుతాను. వాటి రెండు పక్కలా పొడుగు పట్టీలు ఫెవికాల్‌తో అంటించు, చెక్క కంటే ముందుకీ వెనక్కీ నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి, వాటి ఎత్తూ చెక్క ఎత్తూ ఒకటే ఉండాలి. గొయ్యి పట్టీలకి పడుతుంది, టేకుకి పడదు. పని అయ్యాక పట్టీలు కోసెయ్యి. ఇంత మంచి కలపకి ఆ మాత్రం శ్రమ పడాలి.

భీమవరం మోటార్లు:
చెక్క ఆగిపోవడం గురించి నేను చెబుతానండి. సాయంత్రాలే ఆగుతోందన్నారు కదా, మీ వైపు కూడా చేపల, రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు వేసే టైమ్ అదేనా? మెషిన్ నడుస్తుండగా వోల్టేజీ చూడండి. ఇండక్షన్ మోటారుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే టార్క్ (తిప్పే బలం) 19 శాతం దాకా పడిపోతుంది, మోటారు కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది కూడా. లో వోల్టేజీలో లోతు కోత పెట్టకండి, ఒకసారికి అర మిల్లీమీటరు చాలు.

రబ్బరు రోలర్ల మీద పొట్టు, జిగురు పేరుకుని అద్దంలా మెరుస్తుంటే కూడా పట్టు ఉండదు. సబ్బు నీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడవండి, థిన్నర్ పొయ్యకండి, రబ్బరు పాడవుతుంది. బెడ్ మీద తుప్పు ఉంటే జీరో ఎమరీతో తీసి మైనం రుద్ది గుడ్డతో మెరిపించండి. మన కాలవగట్టు ఊళ్లలో ముసురు పట్టిందంటే తెల్లారేసరికి ఇనుము ఎర్రబడుతుంది కాబట్టి ఈ పని వారానికోసారి తప్పదు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాయకండి, చెక్కకి మరక పడుతుంది. సిలికాన్ స్ప్రే అసలే వద్దు, తర్వాత ఆ చెక్కకి పాలిష్ సరిగా పట్టదు.

పాలకొల్లు తలుపులు:
మేస్త్రి గారూ, మీరు చెప్పిందే నిజమండి. బయటికొచ్చే వైపు బల్ల అంచు దాదాపు రెండు మిల్లీమీటర్లు కిందికి వాలి ఉంది. కింద బోల్టు తిప్పి పైకి లేపి, ఏడడుగుల వేప చెక్క తోలి చూశాను. మెట్టు చేతికి అందనంత తగ్గింది, ఎమరీ పేపరుతో పోతుంది. వోల్టేజీ సాయంత్రం ఆరున్నరకి 190 చూపించింది, కాబట్టి దూలాల పని పొద్దున్నే పెట్టుకుంటాను. గీత మాత్రం ఇంకా పడుతోంది. ఇంకోటి, చెక్క ఎడమ వైపు కొంచెం మందంగా వస్తున్నట్టుంది.

నరసాపురం మేస్త్రి:
గీత పడిందంటే మేకు తగిలి బ్లేడ్లకి గాటు పడిందన్నమాట. పాత దూలంలో తలలు విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి, పైకి కనిపించవు. తోలే ముందు ప్రతి చెక్క మీదా గట్టి అయస్కాంతం తిప్పు. ఇప్పటికి ఒక బ్లేడు బోల్టులు వదులు చేసి అర మిల్లీమీటరు పక్కకి జరిపి బిగించు, గాటు ఉన్నచోట పక్క బ్లేడు కోసేస్తుంది, గీత పోతుంది. బిగించేటప్పుడు ఒక్క బోల్టే గట్టిగా తిప్పెయ్యకుండా అన్నీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రా.

మందం తేడాకి, ఒకే చెక్క నుంచి కోసిన రెండు సన్న పట్టీలు, ఒకటి ఎడమ అంచున, ఒకటి కుడి అంచున పెట్టి ఒకేసారి తోలు. రెండూ వెర్నియర్‌తో కొలిచి ఎంత తేడా ఉందో ఇక్కడ రాయి. అది చూడకుండా ఎత్తు సరిచేసే కింద చైన్ మాత్రం కదపకు.