దక్షిణ తెలంగాణను విడి గణాంక ప్రాంతంగా చూడాలా?

పాలమూరు పౌరుడు (వనపర్తి):

ఎంపిక చేసిన కొన్ని ఇళ్లను అడిగి ఖర్చు, ఉపాధి వంటి లెక్కలు తీసే జాతీయ నమూనా సర్వే వారు ప్రతి రాష్ట్రాన్నీ కొన్ని ప్రాంతాలుగా విడదీసి, వాటి వారీగా కూడా అంచనాలు కడతారు. నేల, వాన, పంటలు, జనసాంద్రత దగ్గరదగ్గరగా ఉన్న జిల్లాలను ఒకచోట చేర్చడం ఈ విభజన ఉద్దేశం. మన పాత పది జిల్లాలను ఇలా రెండు ప్రాంతాలు చేశారు. ఆదిలాబాద్, నిజామాబాద్, మెదక్, హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ వాయవ్య భాగంలోకి వెళ్లగా, కరీంనగర్, వరంగల్, ఖమ్మం, నల్లగొండ ఈశాన్య భాగంలో మిగిలాయి. ఈ గీత పుణ్యాన పెన్‌గంగ ఒడ్డునున్న ఆదిలాబాద్ పల్లె, తుంగభద్ర ఒడ్డునున్న అలంపూర్ పల్లె ఒకే ప్రాంతమయ్యాయి. డిండి వాగుకు అటూ ఇటూ ఉన్న అచ్చంపేట, దేవరకొండ మాత్రం వేర్వేరు ప్రాంతాలయ్యాయి. ఈ రెండు చోట్లా అవే చెలకలు, అవే తండాలు, వాన ముఖం చాటేస్తే అదే వలస.

ఇలాంటి కలయిక అంకెలను ఎలా మార్చేస్తుందో చూపడానికి 2011 జనగణననే తీసుకుందాం. మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అది రాష్ట్రంలోకెల్లా అట్టడుగు. హైదరాబాద్‌ది 83 శాతం. రెండు జిల్లాల జనాభా ఇంచుమించు సమానం, చెరి 40 లక్షల దరిదాపు. రెంటినీ కలిపితే సగటు 69 దాకా వస్తుంది. తెలంగాణ మొత్తం సగటు 66.5 మాత్రమే కాబట్టి, ఆ లెక్కన పాలమూరు (మహబూబ్‌నగర్) రాష్ట్ర సగటు కంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. జనగణన జిల్లా వారీగా, ఊరి వారీగా కూడా దొరుకుతుంది కాబట్టి అక్కడ ఈ మాయ బయటపడుతుంది. నమూనా సర్వేలో ప్రాంతం లోపలికి తొంగి చూడడం అంత తేలిక కాదు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం నేలను, వర్షపాతాన్ని చూసి దక్షిణ తెలంగాణను ఏనాడో విడి వ్యవసాయ వాతావరణ మండలంగా గుర్తించి, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో పరిశోధనా స్థానం నడుపుతోంది. గణాంకాలకూ ఆ గీతనే ఎందుకు ఆధారం చేసుకోకూడదన్నది నా ప్రశ్న.

ఎడమ కాలువ (మిర్యాలగూడ):

మీ ఆవేదన అర్థమైంది గానీ, ఉదాహరణ సర్వే పద్ధతికి అతకలేదండి. నమూనా సర్వే గ్రామీణ, పట్టణ అంచనాలను విడివిడిగా ఇస్తుంది. హైదరాబాద్ జిల్లాలో గ్రామీణ జనాభా అన్నదే లేదు. కాబట్టి వాయవ్య ప్రాంతపు గ్రామీణ అంచనాలో మక్తల్ రైతుతో కలిసేది నిజామాబాద్, మెదక్, ఆదిలాబాద్, రంగారెడ్డి రైతులే గాని బంజారాహిల్స్ నివాసి కాదు. అభ్యంతరం చెప్పదలిస్తే నిజామాబాద్ మీద చెప్పండి, అందులో పస ఉంది.

ఇక మీరన్న దక్షిణ తెలంగాణ గీత ప్రకారం నల్లగొండను పాలమూరుతో జత చేయాలనడం మా వైపు నుంచి చూస్తే మరో తప్పు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌లను తడిపి ఖమ్మం జిల్లాలోకి సాగుతుంది. మా వరి, మా రైస్ మిల్లులు, మా కూలి రేట్లు పాలేరు వైపు వాటికి దగ్గర. మమ్మల్ని నారాయణపేట కంది రైతు పక్కన కూర్చోబెడితే, మా రెండు పంటల దిగుబడి ఆయన ఎండిన చేనును కప్పేస్తుంది. హైదరాబాద్ చేస్తోందని మీరంటున్న అన్యాయమే అప్పుడు మేము చేసినట్టవుతుంది.

ప్రాంతాలను చిన్నవి చేసేకొద్దీ ఒక్కోదానికి దక్కే నమూనా కుటుంబాలు తగ్గి, అంచనాలో పొరపాటుకు ఆస్కారం పెరుగుతుందన్నది కూడా మరవకూడదు.

గణాంక విద్యార్థి (నల్లగొండ):

గ్రామీణ అంచనాల విషయంలో మిర్యాలగూడ వారి మాటే సరైనది. అయితే అదే తర్కాన్ని పట్టణాల వైపు తిప్పి చూస్తే పాలమూరు వారి ఫిర్యాదుకు అసలైన బలం అక్కడ కనిపిస్తుంది. 2011లో మహబూబ్‌నగర్ జిల్లా పట్టణ జనాభా సుమారు 6 లక్షలు. గద్వాల, వనపర్తి, నారాయణపేట, నాగర్‌కర్నూల్ అన్నీ అందులోనివే. అదే ప్రాంతంలో హైదరాబాద్ ఒక్కటే 39 లక్షలు, దానికి తోడు రంగారెడ్డి శివార్లు. పది లక్షలు దాటిన నగరాన్ని నమూనా ఎంపికలో విడి పొరగా (వేరే గుంపుగా) తీసుకున్నా, ప్రాంతం మొత్తానికి పట్టణ అంచనా కట్టేటప్పుడు ఆ జనాభా బరువంతా వచ్చి చేరుతుంది. గద్వాలలో మగ్గం నేసే ఇంటి ఖర్చు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జీతంతో నడిచే ఇంటి ఖర్చు ఒకే సగటులో కలుస్తాయి. ఆ సగటును చూసి గద్వాల గురించి ఎవరేం చెప్పగలరు?

ఐరోపా సమాఖ్య ఈ చిక్కునే ఎదుర్కొంది. అక్కడ గణాంక ప్రాంతాలకు మూడు అంచెలున్నాయి. నడిమి అంచె ప్రాంతానికి జనాభా 8 లక్షల నుంచి 30 లక్షల మధ్య ఉండాలని 2003 నాటి చట్టం చెబుతుంది. తలసరి ఉత్పత్తి సమాఖ్య సగటులో 75 శాతం కంటే తక్కువ ఉన్న ప్రాంతాలకే అభివృద్ధి నిధుల్లో పెద్ద వాటా వెళ్తుంది. పోలండ్ రాజధాని వార్సా నగరం కలిసి ఉన్నందువల్ల మజోవియా ప్రాంతం మొత్తం సంపన్నంగా తేలేది. 2018 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో పోలండ్ వార్సాను, హంగరీ బుడాపెస్ట్‌ను చుట్టుపక్కల నేల నుంచి విడదీశాయి. రాజధానిని వేరు చేయడం అక్కడ సాధ్యమైనప్పుడు ఇక్కడ కాకపోవడానికి కారణం కనిపించదు.

ఆలేరు వాసి:

ఐరోపాలో గీత మారితే డబ్బు మారుతుంది, మనకు అలా కాదు. వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధికి 2006లో ఎంపిక చేసింది జిల్లాలనే, వాటిలో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. విభజన చట్టం కింద వెనుకబడిన జిల్లాల సాయం కూడా జిల్లా లెక్కనే వచ్చింది. పైగా 2025 జనవరి నుంచి నమూనా సర్వేలు చాలావరకు జిల్లానే మూల యూనిట్‌గా తీసుకుంటున్నాయి. జిల్లా అంకె చేతికి వస్తుంటే మధ్యలో ఈ ప్రాంతం గొడవ అవసరమా?

పాలమూరు పౌరుడు (వనపర్తి):

అవసరమేనండి. పది జిల్లాలు 2016లో 31 అయ్యి, 2019లో 33కు చేరాయి. పాలమూరు ఒక్కటే ఐదు జిల్లాలైంది, షాద్‌నగర్ రంగారెడ్డికి పోయింది. ఇంత చిన్న జిల్లాలో సర్వేకు చిక్కే ఇళ్లు కొన్నే. వాటిని పట్టుకుని నిరుద్యోగం ఇంత, వలస ఇంత అని గట్టిగా చెప్పడం కష్టం. రాష్ట్రానికీ జిల్లాకూ మధ్య నమ్మదగిన అంచె ఒకటి కావాలి. ఆ అంచెలో ఇంకా పాత పది జిల్లాల గీతే ఉంటే ప్రయోజనం లేదు.

నేను కోరేది ఇది. హైదరాబాద్‌ను, దాని శివారు జిల్లాలను విడి ప్రాంతం చేయాలి. పాలమూరు ఐదు జిల్లాలతో, నల్లగొండ మెట్ట ప్రాంతంతో దక్షిణ ప్రాంతం ఏర్పరచాలి. సూర్యాపేట ఖమ్మం వైపే ఉండనివ్వండి. కాలువ గురించి మీరన్నది న్యాయమైన మాట. జిల్లాను చీల్చడం కుదరదంటారేమో, గుజరాత్‌లో గతంలో కొన్ని జిల్లాలను తాలూకాల వారీగా రెండు ప్రాంతాలకు పంచారు. పాత గీతకూ కొత్త గీతకూ పోలిక చెడిపోకుండా, ఏ మండలం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో చెప్పే పట్టికను కూడా ప్రచురించాలి. 2027 జనగణన అంకెలు వచ్చాక నమూనా చట్రాన్ని (సర్వేకు ఇళ్లను ఎంచుకునే మూల జాబితాను) ఎలాగూ కొత్తగా కట్టాలి కాబట్టి, ఈ మార్పుకు అదే సరైన అదను.

ఎడమ కాలువ (మిర్యాలగూడ):

సూర్యాపేట వరకు సమ్మతమే. మిర్యాలగూడ డివిజన్‌ను కూడా దానితో చేర్చి, దేవరకొండ, మునుగోడు వైపు మెట్ట మండలాలను మీతో కలిపేటట్టయితే నాకు అభ్యంతరం లేదు. అయితే కాలువ చివరి భూములున్న మండలాలను ఏ వైపు వేస్తారో కాగితం మీద గీత గీయకముందే తేల్చాలి, ఎందుకంటే ఆయకట్టు లెక్కల్లో తడి భూమి కింద ఉన్నా నీళ్లు అందని ఊళ్లు మా దగ్గర ఉన్నాయి.