రిపోర్టులన్నీ నార్మల్, ఆయాసం మాత్రం పోలేదు: ఇంకా టెస్టులు చేయించాలా?

పలాస_కుర్రోడు:
మా వదిన జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వీధిలో ఒకాయన కిడ్నీ జబ్బుతో పోయినప్పటి నుంచి ఇది నాలుగోసారి. ఉన్నట్టుండి గుండె దడ, గాలి చాలనట్టు గబగబా ఊపిరి, మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు. పావుగంటలో సర్దుకుంటుంది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష; కిడ్నీ జబ్బుల ఉద్దానం వాళ్లం, అది చూపించుకోకుండా ఉంటామా) అన్నీ బాగున్నాయి. డాక్టరు ‘ఏమీ లేదమ్మా, టెన్షన్’ అన్నారు. ‘అంటే నాటకమాడుతున్నానా’ అని ఆమె ఒకటే ఏడుపు. అన్నయ్య విశాఖ తీసుకెళ్లి స్కానింగులు చేయిద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?

చీపురుపల్లి_నర్సు:
నన్నడిగితే వద్దు. పానిక్ అటాక్‌లాగే (ఉన్నట్టుండి భయం ముంచెత్తడం) ఉంది. అవసరానికి మించి గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మెదడు రక్తనాళాలు బిగిసి కళ్లు తిరుగుతాయి. రక్తంలో పనికొచ్చే రూపంలో ఉన్న కాల్షియం తగ్గి వేళ్లు ముడుచుకుపోతాయి. నాటకం కానే కాదు. మా వార్డులో ఒకావిడ బొటనవేలు అరచేతిలోకి ఎంత బిగుసుకుపోయిందంటే గాజులు కూడా తీయలేకపోయాం. పక్కన కూర్చుని, నాతోపాటు మెల్లగా ఊపిరి వదలమన్నాను. పది నిమిషాల్లో వేళ్లు విచ్చుకున్నాయి.

రాజాం_మాస్టారు:
అంత తొందరొద్దు నర్సుగారూ. మా పిన్నికీ ‘టెన్షనే’ అన్నారు. ఏడాది తర్వాత చూస్తే హిమోగ్లోబిన్ 6, అంటే బాగా రక్తహీనత. ఆడమనిషి కనబడితే ఆ మాట రాసేయడం తేలిక. పైగా ఊపిరే అసలు కారణమన్నదీ తేలిన సంగతి కాదు. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, కార్బన్ డయాక్సైడ్ పడిపోకుండా చూస్తూ గబగబా ఊపిరి తీయించినా చాలామంది అవే బాధలు చెప్పారు. భయం ముందు, ఊపిరి తర్వాత కావచ్చు.

టెక్కలి_బావ:
మా మామ్మయితే గాలి సోకిందని తాడు కట్టించేది. స్కానింగు కంటే చవక!

చీపురుపల్లి_నర్సు:
మాస్టారూ, రక్తం చూడకుండా టెన్షన్ అనడం తప్పే. వీళ్లకి చూశారుగా? దేన్ని తేల్చుకోవడానికో చెప్పగలిగితే ఆ టెస్టు చేయించండి, ఊరికే వద్దు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, నడిస్తే ఎక్కువైనా, స్పృహ తప్పినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కాగితం సంచిలో ఊపిరి పీల్చే చిట్కా మాత్రం ఇంట్లో వద్దు. అది ఆస్తమానో గుండెపోటో అయితే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

పలాస_కుర్రోడు:
కొంకర్ల సంగతి వదినకి చదివి వినిపించాను. ‘ఈ ముక్క ఆ డాక్టరే చెప్పొచ్చు కదా’ అంది. ఫోన్ చేస్తానంది. అన్నయ్య మాత్రం శనివారం రైలుకి టికెట్లు తీసేశాడు.