సొమాలీ అమ్మాయిల బురాంబుర్, మన కొట్నం పాటలు: పరాయి దేశంలో పెరిగిన పిల్లలకు పెండ్లి ఆట ఎలా అందుతుంది?

ప్రశ్న అడిగినవారు: హన్మకొండ మేనత్త

సభ్యులందరికీ నమస్కారం. మా అన్నయ్య కుటుంబం చాలా ఏండ్లుగా అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరంలో స్థిరపడి ఉన్నది. నిరుడు ఎండాకాలం నేను అక్కడ ఉన్నప్పుడు, నా మేనకోడలితో కలిసి పనిచేసే ఒక సొమాలీ అమ్మాయి తన అక్క పెండ్లిలో ఆడవారి రాత్రికి మమ్మల్ని పిలిచింది. అక్కడ చూసినది నన్ను ఇంకా వదలడం లేదు.

హాలు తలుపు దగ్గరే మా ఫోన్లు తీసుకొని, పేర్లు రాసిన గుడ్డ సంచుల్లో వేసి పక్కన పెట్టారు. లోపల మగవారు ఒక్కరూ లేరు. బయట నిండుగా కప్పుకొని కనిపించిన అమ్మాయిలే లోపల దిరా అనే పలుచని, మెరిసే పొడవాటి దుస్తుల్లో, మోచేతుల దాకా గోరింటతో తిరుగుతున్నారు. ఊన్సి అనే ధూపం వేశారు. సాంబ్రాణిలో చక్కెర, అత్తరు కలిపి చేస్తారట, ఆ వాసన నా చీర కొంగులో రెండు రోజులు నిలిచింది. కొంతసేపటికి స్పీకర్లు ఆపివేశారు. డెబ్బై ఏండ్లు దాటినట్టున్న ఒక పెద్దావిడ లేచి నిలబడి, పాటకూ పద్యానికీ మధ్యగా ఉండే ఒక వరుసలో పాదాలు చెప్పడం మొదలుపెట్టింది. ఒకామె డోలు అందుకున్నది, చుట్టూ ఉన్నవారు చప్పట్లు అందుకున్నారు. ఇరవై ఏండ్ల అమ్మాయిలు ఇద్దరిద్దరుగా వలయంలోకి వచ్చి, భుజాల మీది వస్త్రాన్ని రెండు చేతులతో రెక్కల మాదిరిగా చాపి, నేలను పాదాలతో కొడుతూ చుట్టు తిరిగారు. పెండ్లికూతురి తల్లి పేరు వచ్చిన పాదం దగ్గర హాలంతా నాలుకలు ఆడిస్తూ సన్నని కూత వేసింది. ఆ ఆడిన పిల్లల్లో ఎక్కువమంది సొమాలియాను కంటితో చూడనివారే.

ఈ మాఘంలో నా మేనకోడలి పెండ్లి హన్మకొండలోనే జరుగుతున్నది. రెండేండ్ల కింద మా ఇంట్లోనే జరిగిన ఇంకొక పెండ్లిలో కొట్నానికి, అంటే పాటలు పాడుతూ రోకళ్లతో పసుపు దంచే తంతుకు, పసుపు పొడిగానే ప్యాకెట్లలో వచ్చింది. ఐదుగురు ముత్తైదువలు ఫొటో కోసం రోకలిని మూడుసార్లు తాకి వదిలేశారు. పాట ఎవరికి వచ్చని అడిగితే, ఫోన్‌లో పెట్టమన్నారు. అదే పిల్లలు బరాత్‌లో తీన్‌మార్ డప్పుకు రాత్రి రెండింటి దాకా ఎగిరారు కాబట్టి వారికి ఆడాలని లేదని నేను అనలేను. ఆ సొమాలీ అమ్మాయిలకు అది ఎలా అందింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: జమ్మికుంట ఆడబిడ్డ (ప్రస్తుతం సెయింట్ పాల్)

నమస్తే అక్కా. మీరు చూసినదాన్ని బురాంబుర్ అంటారు. నేను ఇక్కడ ఒక బడిలో సొమాలీ తల్లులతో పన్నెండేండ్లుగా పనిచేస్తున్నాను కనుక నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఒక మాట. బురాంబుర్ అంటే నాట్యం పేరు అనుకుంటాము గాని, అది ఆడవారి కవిత్వం పేరు. సొమాలీలో గబయ్ వంటి పెద్ద ఛందస్సులు మగవారివిగా చెలామణి అయ్యాయి. బురాంబుర్ మాత్రం ఆడవారు కట్టి ఆడవారు చెప్పేది. ఆట ఆ పద్యాన్ని అనుసరించి వస్తుంది. పెండ్లికే కాదు, బిడ్డ పుట్టినా చెబుతారు; సొమాలియా స్వాతంత్ర్యానికి ముందు 1940లలో ఆడవారు దీనితోనే రాజకీయం కూడా మాట్లాడారు. సొమాలీ భాషకు అధికారికంగా లిపి ఏర్పడింది 1972లో. అంతవరకు ఇదంతా నోట నిలిచినదే, ఆ తరువాత కూడా ఎక్కువగా క్యాసెట్ల మీద తిరిగినదే.

1991లో ప్రభుత్వం కూలి అంతర్యుద్ధం ముదిరాక లక్షల మంది కెన్యాకు, ఇథియోపియాకు, అక్కడి నుంచి లండన్, టొరంటో, స్వీడన్, మిన్నెసోటాలకు చెదిరిపోయారు. అమెరికాలో సొమాలీలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మిన్నియాపొలిస్ ఉన్న ఈ మిన్నెసోటా రాష్ట్రంలోనే. ఇంటి సామాను ఏదీ రాలేదు, పెండ్లి మాత్రం వచ్చింది. వారి పెండ్లి కూడా మన పెండ్లి వలెనే ఒక్క రోజుతో తీరేది కాదు. నిఖా తరువాత ఏడవ రోజున షాష్ సార్ అని ఒక తంతు ఉంటుంది. ఆ రోజు పెండ్లయిన ఆడవారందరూ కూడి, కొత్త పెండ్లికూతురి తలకు గుడ్డ కట్టి, ఇక నీవు మాలో ఒకతెవు అని కలుపుకుంటారు. బురాంబుర్‌కు అసలైన చోటు అదే. ఉత్తర ప్రాంతం వారు హేడో అనే ఇంకొకటి చేస్తారు. ఎండబెట్టి నేతిలో వేయించిన మాంసపు ముక్కలను అల్లిన బుట్టలాంటి పాత్రలో పెట్టి, ఖర్జూరపు ముద్దతో మూసి, పైన పెండ్లికూతురికి కట్టినట్టు బట్ట చుట్టి, అంతు చిక్కని ముడులతో తాడు బిగిస్తారు. పెండ్లికొడుకు తరఫువారు ఆ తాడును కోయకుండా విప్పాలి. విప్పలేకపోతే ఆడపెండ్లివారు ఎంత ఆట పట్టిస్తారో, మన బిందెలో ఉంగరం వెతికే తంతు గుర్తుంటే మీకే తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్న. ఎవరూ తరగతి పెట్టి నేర్పరు. అమ్మాయి ఎనిమిదేండ్లప్పుడు అయేయో, అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ, ఒడిలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. పన్నెండేండ్లకు డోలు పక్కన కూర్చుంటుంది. పదహారేండ్లకు ఎవరో అత్త వెనుక నుంచి వలయంలోకి తోస్తుంది. అలా తోసే అత్త ప్రతి పెండ్లిలో ఉంటుంది. మిన్నియాపొలిస్‌లో 2013లో సొమాలీ మ్యూజియం ఒకటి ఏర్పడింది. దానికి యువతీయువకుల నాట్య బృందం కూడా ఉన్నది. ఒంటె నడకను తలపించే డాంతో వంటివి వేదికల మీద ఆడుతారు. మంచిదే, ఎందరో పిల్లలు అక్కడ అడుగులు నేర్చుకుంటున్నారు. కానీ బురాంబుర్ తలుపులు మూసిన హాలులోనే పెరుగుతున్నది. ఫోన్ సంచిలో పెట్టించడం మీకు వింతగా తోచి ఉండవచ్చు. ఎవరూ చూడరు, ఎక్కడా పెట్టరు అనే ధీమా లేకపోతే, అడుగు తప్పుతుందనే భయంతో సగం మంది పిల్లలు లేవనే లేవరు.

జవాబు: జనగామ తెలుగు సారు (పదవీ విరమణ)

పైన ఆమె పద్యం అన్నారు కనుక నేను ఒక విషయం చేరుస్తాను. సొమాలీ పద్యానికి ప్రాణం అక్షరమైత్రి. మన పద్యంలో యతి ఆ పాదానికే పరిమితం, తరువాతి పాదానికి కొత్త అక్షరం తీసుకోవచ్చు. అచ్చులలో కూడా అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ ఇంకొక జట్టు అని మనకు పట్టింపు. వారికి అచ్చులన్నీ ఒకే జట్టు, ఆ మేరకు సులభం. కానీ మొదటి పాదంలో పట్టుకున్న ధ్వనిని పద్యం ముగిసేదాకా ప్రతి పాదంలోనూ మోయాలి. నలభై పాదాలుంటే నలభై చోట్ల, ఆ ధ్వనితో మొదలయ్యే, సందర్భానికి సరిపోయే మాట కావాలి. మన ప్రాసను పద్యమంతా లాగడం ఎంత కష్టమో తెలిసినవారికి ఇది ఎంత పదసంపదను కోరుతుందో చెప్పనవసరం లేదు.

కాబట్టి విదేశంలో పుట్టిన అమ్మాయి దగ్గర తెగేది అడుగు కాదు, మాట. ఆమె ఆడగలదు, చప్పట్లు కొట్టగలదు, కూత వేయగలదు. కొత్త పద్యం కట్టడానికి మాత్రం మాటలు చాలవు. మన దగ్గర తెగుతున్నదీ అక్కడే. బతుకమ్మ చుట్టూ తిరగడం అందరికీ వచ్చు, ఉయ్యాలో అని అందుకోవడం అందరికీ వచ్చు, ముందుండి పాట చెప్పే ఆమె వాడకు ఒక్కతె మిగిలింది. ఆమె కూడా రాకపోతే డీజే.

ఇంకొక ఉదాహరణ మన జిల్లాల్లోనిదే. కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలను, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి గ్రంథాన్ని ఆధారం చేసుకొని తిరిగి లేపారు. అది గొప్ప పని, నేను ఆ ప్రదర్శనలు చూసి ఒళ్ళు పులకరించిన వాడినే. అయినా దాన్ని గురువు దగ్గర నేర్చుకొని వేదిక మీద ఆడుతారు; ఎవరి పెండ్లిలోనూ ఎవరి మేనత్తా ఎవరినీ వలయంలోకి తోయదు. రాతి నుంచి తీసినదానికీ ఒడిలో నుంచి దిగినదానికీ ఉండే తేడా అది. కొట్నం ఇంకా ఒడిలోనే ఉన్నది, రేపు దాన్ని రాతి నుంచి తీయవలసిన అవసరం రానివ్వకండి.

జవాబు: టోలిచౌకి పాత కిరాయిదారు

సారుగారి మాటతో ఏకీభవిస్తూనే ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. నాది వరంగల్, చదివింది హైదరాబాద్‌లో. టోలిచౌకి పారామౌంట్ కాలనీలో మేము ఉన్న ఇంటి పై అంతస్తులో సొమాలీ విద్యార్థినులు ఉండేవారు. చదువుకు, వైద్యానికి వచ్చే సొమాలీలు ఆ చుట్టుపక్కల చాలామంది ఉంటారు. మా బంధుత్వపు మాటలు వారికి వెంటనే అర్థమయ్యేవి, ఎందుకంటే వారికి కూడా తండ్రి అక్కచెల్లెలికి ఒక పేరు, తల్లి అక్కచెల్లెలికి ఇంకొక పేరు ఉన్నాయి. తల్లి చెల్లెలిని పిలిచే హబర్‌యర్ అనే మాటను విడదీస్తే మన చిన్నమ్మే వస్తుంది.

బురాంబుర్‌లో పెండ్లివారి తెగను, వంశాన్ని పొగడడం ఆనవాయితీ. ఆ తెగల కొట్లాటే దేశాన్ని నేల కూల్చిందని తెలిసిన ఈ కాలపు అమ్మాయిలకు అది మింగుడు పడదు. పై అంతస్తు అమ్మాయిల్లో ఒకామె తన వదిన పెండ్లికి ఫోన్‌లో పద్యం పంపుతూ, తెగ పేరు రావలసిన చోట వదిన నర్సుగా రాత్రి డ్యూటీలు చేసి తమ్ముళ్లను చదివించిన సంగతి పెట్టింది. వాళ్ళ అమ్మ రెండు రోజులు మాట్లాడలేదట. డోలు కూడా వద్దనే మతపెద్దలు కొందరున్నారు, చప్పట్లతోనే కానిచ్చే పెండ్లిళ్లూ ఉన్నాయి. అన్నీ ఉన్నది ఉన్నట్టు వారు కాపాడుతున్నారని మాత్రం అనుకోవద్దు.

జవాబు: పరకాల మనుమరాలు

నేను మూడేండ్లప్పుడు దేశం దాటినదాన్ని, తప్పులుంటే మన్నించండి. పెద్దలందరూ పిల్లలకు రాదు అంటున్నారు. నాకు పద్నాలుగేండ్లప్పుడు ఇక్కడి బతుకమ్మలో పాట చెప్పబోయాను. ‘కళ్ళు’ అనబోయి ‘కల్లు’ అన్నాను. అక్కడున్న ఆంటీలు నవ్విన నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది. అప్పటి నుంచి నేను చుట్టు తిరుగుతాను, నోరు తెరవను. నా సొమాలీ స్నేహితురాలి అక్క షాష్ సార్‌లో ఒక అమ్మాయి సగం ఇంగ్లిష్ కలిపి నాలుగు పాదాలు చెప్పింది. పెద్దవారు ఆమెను కూడా నవ్వారు, కానీ చప్పట్లు ఆపలేదు. చప్పట్లు ఆగలేదు కనుక ఆమె ఐదవ పాదం చెప్పింది.

ప్రశ్న అడిగినవారు: హన్మకొండ మేనత్త

అందరికీ ధన్యవాదాలు. పరకాల మనుమరాలి జవాబు చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. ఆ నవ్విన ఆంటీలలో నాలాంటివారు తప్పక ఉండి ఉంటారు.

నిన్న మా అక్క ఇంటికి పోయి అటక మీది రోకలి దింపించాను. పొన్ను తుప్పు పట్టింది గాని కర్ర గట్టిగా ఉన్నది. అక్కకు కొట్నం పాట పూర్తిగా గుర్తులేదు. కూర్చోబెట్టి అడిగితే రెండు చరణాలకు ఆగిపోయింది. చేతికి రోకలి ఇచ్చి, నేను ఎదురుగా నిలబడి పోటు మార్చి పోటు వేస్తే, ఐదవ చరణం దాకా తానే వచ్చింది. ఆ పాటలో వదినలనూ మరదళ్లనూ పేరు పెట్టి వెక్కిరించే చోటు ఒకటి ఉన్నది, ఎవరి పెండ్లి అయితే వారి పేర్లు అక్కడ పెట్టుకోవాలి. దాన్ని రికార్డు చేసి మిన్నియాపొలిస్ పంపి, ఆ చోట ఏమి పెడతావో నీ ఇష్టం అని నా మేనకోడలికి చెప్పాను.

రాత్రి తన గొంతుతో ఒక చరణం పంపింది. నా పేరే పెట్టింది, నేను మూడు నెలలు వారింట్లో ఉండి ఫ్రిజ్ నిండా పచ్చళ్ళు పెట్టిపోయానని. ‘మేనత్త వచ్చాడు’ అన్నది. సరిచేయలేదు. కొట్నం నాడు ఫోన్లు పెట్టడానికి గుడ్డ సంచులు కుట్టించమని చౌరస్తాలోని దర్జీకి చెప్పి వచ్చాను. ఫొటోగ్రాఫర్‌ను ఆ రెండు గంటలు బయట కూర్చోబెట్టడానికి మా అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు.