వరి కాండం తొలిచే పురుగు గుడ్లలోంచి వచ్చిన కందిరీగ: కొత్త జాతి అని ఎలా తేలుతుంది?

ప్రశ్న

నేను జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను, మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఈ దాళ్వాలో మా చేలోని వరి ఆకుల కొసల మీద కాండం తొలిచే పురుగు పెట్టిన గుడ్ల ముద్దలు, గోధుమరంగు నూగు కప్పుకుని ఉన్నవి, ఏడింటిని తెచ్చి ఒకే గాజు గొట్టంలో వేసి దూది బిరడా పెట్టాను. ఐదో రోజుకు గొట్టం గోడల మీద గొంగళిపురుగులకు బదులు ఆవగింజలో సగం కూడా లేని కందిరీగలు తిరుగుతున్నాయి. కొన్ని నల్లవి, కొన్నింటికి ఆకుపచ్చని లోహపు మెరుపు ఉంది. నాకు దొరికిన ఫోటోలలో వేటితోనూ ఇవి సరిపోలలేదు. ఇవి కొత్త జాతి అని తేల్చడం ఎలా? పేరు పెట్టే అధికారం ఎవరిది?

మొదటి జవాబు

ఫోటోతో సరిపోలకపోవడాన్ని ఆధారంగా తీసుకోకండి. ఈ పరిమాణంలో ఫోటో దాదాపు ఏమీ చెప్పదు. ముందుగా వాటి పాదాల ఖండాలు లెక్కపెట్టండి. పురుగు గుడ్లలోనే తమ గుడ్లు పెట్టి పెరిగే ఇలాంటి కందిరీగల్లో, ఈ ముద్దల నుంచి మన దగ్గర తరచుగా వచ్చేవి మూడు ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు). ట్రైకోగ్రామాకు పాదంలో మూడు ఖండాలు, టెట్రాస్టికస్‌కు నాలుగు, టెలినోమస్‌కు ఐదు ఉంటాయి. కాలేజీలో ఉండే మామూలు మైక్రోస్కోపు కింద, స్లైడు మీద కాలు చాపి పెడితే ఇది కనిపిస్తుంది. మీరు చూసిన ఆకుపచ్చని మెరుపు టెట్రాస్టికస్‌ను తలపిస్తోంది.

ప్రజాతి దాకా రావడం తేలికే, అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ట్రైకోగ్రామాలో రంగు వాతావరణాన్ని బట్టి మారిపోతుంది కనుక, ఒకప్పుడు వేర్వేరు జాతులను ఒకే పేరుతో పిలిచేవారు. బెంగళూరులో పనిచేసిన కీటక శాస్త్రజ్ఞులు నాగర్కట్టి, నాగరాజ 1971లో మగ కీటకపు జననాంగాల నిర్మాణమే నమ్మదగిన గుర్తు అని చూపించాక గాని ఆ గందరగోళం తగ్గలేదు. మన చెరకు తోటల్లో ట్రైకోగ్రామా ఆస్ట్రాలికం అని పిలుస్తూ వచ్చిన జాతి నిజానికి ట్రైకోగ్రామా చిలోనిస్ అని తేలింది. అంటే పాత పేర్లన్నింటితో పోల్చి, ఏదీ కాదని నిరూపించిన తరువాతే కొత్త జాతి అనే మాట ఎత్తాలి.

రెండవ జవాబు

జననాంగాలు చూడాలంటే మగవి ఉండాలి కదా. వోల్బాకియా అనే బాక్టీరియా సోకిన ట్రైకోగ్రామాలలో ఆడవి మగవాటితో పని లేకుండా ఆడ సంతానాన్నే కంటాయి. అటువంటప్పుడు డీఎన్ఏ తప్ప దారి లేదు. కోస్టారికాలోని గ్వానకాస్టే అడవుల్లో దశాబ్దాలుగా గొంగళిపురుగులను పెంచి, వాటిలోంచి వచ్చిన కందిరీగలను భద్రపరిచారు. 2014లో ఒక్క అపాంటెలిస్ ప్రజాతిలోనే 186 కొత్త జాతులను వర్ణించగలిగారంటే, శరీర లక్షణాలతో పాటు డీఎన్ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తించడానికి చదివే చిన్న డీఎన్ఏ ముక్క), ఏ గొంగళిలోంచి వచ్చిందన్న సమాచారం కూడా చేతిలో ఉండటమే కారణం. 2021లో కందిరీగల్లోని బ్రాకోనిడే కుటుంబంలో ప్రధానంగా బార్‌కోడ్, ఫోటో ఆధారంగా మరో 403 జాతులకు పేర్లు పెట్టారు. నమూనాలు గుట్టలుగా పడి ఉండి, చూసే నిపుణులు వేళ్ల మీద లెక్కించేంత మందే ఉన్నప్పుడు ఇంతకన్నా ఏం చేయగలరు?

మొదటి జవాబు రాసినవారు

2014 నాటి పని మీద నాకు గౌరవం ఉంది, 2021 నాటి పద్ధతి మీద మాత్రం లేదు. దాని మీద వర్గీకరణ శాస్త్రజ్ఞులలో పెద్ద వాదమే నడిచింది. బార్‌కోడ్‌గా వాడేది మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో 658 అక్షరాల ముక్క. మైటోకాండ్రియా, వోల్బాకియా రెండూ తల్లి నుంచే సంక్రమిస్తాయి కనుక, బాక్టీరియా వ్యాపించిన చోట ఆ ముక్క జాతుల హద్దులను తప్పుగా చూపవచ్చు. అందుకే ట్రైకోగ్రామాకు కణ కేంద్రకపు డీఎన్ఏలోని ఐటీఎస్2 అనే భాగాన్ని కూడా చూస్తారు. పైగా జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన వందేళ్ల నాటి మూల నమూనాలు చాలావాటికి బార్‌కోడ్ లేదు కనుక, పాత జాతికే కొత్త పేరు తగిలించే ప్రమాదం ఉంటుంది.

పేరు సంగతికి వస్తే, అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం వర్ణనను ప్రచురించి, ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ప్రమాణంగా నిలిచే నమూనాగా, నిర్ణయించినవారు ఎవరైనా పెట్టవచ్చు. మన దేశంలోనైతే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద నమూనాలను భద్రపరిచే గుర్తింపు పొందిన భాండాగారానికి తెలియజేసి, నమూనాను అక్కడ జమచేయాలి.

మూడవ జవాబు

పేరుతో రైతుకు ఏమి పని అనుకునేవారికి ఒక మాట. బొప్పాయి పిండినల్లి మీద బతికే ఎసిరోఫేగస్ పపాయే అనే కందిరీగను 2003లో వర్ణించారు. ఆ పిండినల్లి మన తోటలను ముంచెత్తినప్పుడు, 2010లో ఈ కందిరీగను ప్యూర్టోరికో నుంచి తెప్పించి విడుదల చేయగలిగారు. ఏది కావాలో తెలిసి, పేరుపెట్టి అడగడానికి ఆ వర్ణనే ఆధారమైంది.

ప్రశ్న వేసినవారు

ఆరు స్లైడ్లు చేశాను. ఆకుపచ్చ రెండింటికీ నాలుగు ఖండాలు, నల్లవాటిలో మూడింటికి ఐదు, ఒకదానికి మూడు ఉన్నాయి. ఏడు ముద్దలనూ ఒకే గొట్టంలో వేయడం వల్ల ఏది దేనిలోంచి వచ్చిందో చెప్పలేకపోతున్నాను. సార్వా నారుమడి నుంచి ఒక్కో ముద్దకు ఒక్కో గొట్టం పెడతాను. అప్పటిదాకా వీటిని ఎలా దాచాలి?

మొదటి జవాబు రాసినవారు

95 శాతం ఆల్కహాలులో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, డీఎన్ఏ కూడా నిలుస్తుంది. తేదీ, ఊరు, పైరు రాసిన చీటీని గొట్టం లోపలే వేయండి. దాన్ని పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.